"ఒక్కో షేర్‌కు రూపాయి" ఎవ్వరూ ఇయ్యరు: ఆ మెసేజ్‌ల ఒక్కో మాటకు జవాబు

మళ్ళ తిరుగుతాంది అదే మెసేజ్. ముక్కుల పైపు, ఛాతి మీద పట్టీలు ఉన్న చిన్న పాప ఫోటో, కింద ఇట్ల రాసి ఉంటది: "ఈ పాపకు గుండెల రంధ్రం, ఆపరేషన్‌కు 8 లక్షలు కావాలె. మీరు పైసలు ఇయ్యక్కర్లేదు, ఒక్కో షేర్‌కు వాట్సాప్ వాళ్ళు 1 రూపాయి ఇస్తరు. ట్రస్టులకు ఇస్తే మధ్యలనే తింటరు. నిజమో అబద్ధమో, షేర్ చేస్తే పోయేదేముంది?" హన్మకొండల మా కాలనీ గ్రూపుల, బడి దోస్తుల గ్రూపుల, చుట్టాల గ్రూపుల, అన్నిట్ల వచ్చింది. పంపినోళ్ళంతా పాప బతకాలనే పంపిన్రు, అందుల డౌట్ లేదు, అందుకే ఒక్కో మాట పట్టుకొని చెప్తున్న, జెర ఓపికతోని చదువుండ్రి.

"ఒక్కో షేర్‌కు 1 రూపాయి." ఇసొంటి స్కీమ్ లేనే లేదు. 2016 నుంచి వాట్సాప్ మెసేజ్‌లన్నీ ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్‌తోని పోతయి, అంటే పంపినోళ్ళకు, అందుకున్నోళ్ళకు తప్ప లోపల ఏ ఫోటో ఉందో కంపెనీకి కూడా కనపడదు. కనపడని ఫోటోకు రూపాయలు లెక్కపెట్టి ఏ పాప ఖాతాల ఏస్తది? ఇంకో సంగతి. పిల్లల్ని ఎత్తుకపోయేటోళ్ళు తిరుగుతున్నరని పుకార్లు లేసి అమాయకులను కొట్టి చంపినంక, 2018ల మన దేశంల ఒక మెసేజ్‌ను ఒక్కసారి 5 చాట్లకే ఫార్వర్డ్ చేసేటట్టు పెట్టిన్రు. 2020ల ఇంకా బిగించిన్రు, మస్తుసార్లు తిరిగిన మెసేజ్ అయితే ఒక్కసారికి ఒక్క చాట్‌కే పోతది, దాని మీద రెండు బాణాల గుర్తు ఉంటది, ఈ పాప మెసేజ్ మీద కూడా ఉంది చూడుండ్రి. షేర్‌కు రూపాయి ఇచ్చే కంపెనీ అయితే షేర్లు తగ్గియ్యనీకి ఇంత తిప్పలు ఎందుకు పడ్తది?

"8 లక్షలు కావాలె." ఏ దవాఖాన, ఏ డాక్టర్, ఏ ఊరు, ఏ తారీఖు, ఒక్కటి లేదు. అసలు మన దగ్గర చిన్న పిల్లల గుండె ఆపరేషన్లు ఆరోగ్యశ్రీల ఉన్నయి, 2023 డిసెంబర్‌ల పరిమితి 10 లక్షలు చేసిన్రు. అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు వచ్చి పుట్టుకతో వచ్చే లోపాలు చూసే ఆర్‌బీఎస్‌కే టీములు 2013 నుంచి నడుస్తున్నయి. నిజంగ అసొంటి పాప మీ ఎరుకల ఉంటే, రేషన్ కార్డు పట్టుకొని నెట్‌వర్క్ హాస్పిటల్ల (ఆరోగ్యశ్రీ నడిచే దవాఖాన) ఆరోగ్యమిత్ర, అంటే అక్కడ ఈ పథకం పనులు చూసే మనిషి, దగ్గరికి పొమ్మని తల్లిదండ్రులకు చెప్పుండ్రి, కూడ పోగలిగితే ఇంకా మంచిది. కార్డు లేదనో, ఆ జబ్బు లిస్టుల లేదనో అంటే సీఎంఆర్‌ఎఫ్‌కు (ముఖ్యమంత్రి సహాయ నిధి) పెట్టుకోవచ్చు. ఫోటో తిప్పుడు కన్నా ఈ ఒక్క ముచ్చట ఆ ఇంటికి ఎక్కువ పనికొస్తది.

"నిజమో అబద్ధమో, పోయేదేముంది?" అన్నిట్ల కంటే నాకు బాధయ్యేది ఈ మాటనే. పోతది, శానా పోతది. రక్తం పోస్టుల సంగతే తీసుకోండ్రి. "ఎంజీఎంల (వరంగల్ల సర్కారు పెద్ద దవాఖాన) ఓ నెగెటివ్ అర్జెంట్" అని వస్తది, తారీఖు ఉండదు, ఎన్ని యూనిట్లో ఉండదు, ఒక్క ఫోన్ నంబర్ మాత్రం ఉంటది. మా డోనర్ల గ్రూపుల ఒక అన్న వాళ్ళ పెద్దమ్మ కోసం అసొంటి పోస్టే పెట్టిండు. రక్తం దొరికింది, ఆమె డిశ్చార్జ్ అయ్యి ఊరికి పోయింది, పత్తి ఏరుడు కూడా అయిపోయింది, ఆయన ఫోన్ మాత్రం ఇంకా మోగుతనే ఉంది. "అన్నా నేను జనగామ నుంచి, ఇంకా కావాల్నా" అని ఒకరు, "స్టేషన్ల దిగిన, ఎటు రావాలె" అని ఇంకొకరు. పని ఇడిచిపెట్టి, బస్సుకో రైలుకో పైసలు పెట్టుకొని వచ్చిన పిల్లగానికి "అవసరం లేదు తమ్మి, అది పాత పోస్టు" అని చెప్పాలంటే నోరు రాదు. ఇట్ల రెండుసార్లు వాపస్ పోయినోడు మూడోసారి నిజమైన పోస్టు వచ్చినా నమ్మడు, లేవడు. పోయేది గదే, ఇచ్చేటోళ్ళ నమ్మకం. ఇగ ఆ పాప ఫోటో ఎవరి బిడ్డదో, బతికుందో లేదో కూడా తెల్వకుంట ఏండ్లకేండ్లు తిప్పుతున్నం, ఆ అమ్మానాయినల కండ్ల పడితే వాళ్ళ పానం ఎట్లుంటది ఆలోచించుండ్రి.

"ట్రస్టులకు ఇస్తే మధ్యలనే తింటరు." తినేటోళ్ళు లేరని నేననను. కానీ చూసి ఇయ్యడానికి దారులున్నయి: రిజిస్ట్రేషన్ ఉందా, 80జీ రసీదు (ఇన్‌కమ్ ట్యాక్స్‌ల మినహాయింపుకు పనికొచ్చేది) ఇస్తున్నరా, పైసలు దవాఖాన ఖాతాకు పోతున్నయా లేక ఎవరిదో ఫోన్‌పే నంబర్‌కా, దవాఖానకు మనమే ఫోన్ చేసి అడిగితే ఆ పేషెంట్ ఉన్నడా. ఇట్ల చూసి ఇచ్చినోళ్ళతోనే 2021ల హైదరాబాద్‌ల ఎస్‌ఎంఏ (పుట్టుకతోనే వచ్చే, కండరాలు బలం తగ్గే అరుదైన జబ్బు) ఉన్న ఒక పిల్లగానికి 16 కోట్ల ఇంజెక్షన్‌కు ఆన్‌లైన్ల చందాలు జమైనయి. అక్కడ షేర్లు పని చేసినయి, మస్తుగ చేసినయి, ఎందుకంటే ప్రతి షేర్ ఎనుక పైసలు ఏసే మనిషి ఉన్నడు. 2014ల ఐస్ బకెట్ చాలెంజ్‌తోని (నెత్తి మీద ఐసు నీళ్ళు పోసుకొని వీడియో పెట్టి చందా ఇచ్చుడు) అమెరికాల ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు కోసం పని చేసే సంఘానికి 11.5 కోట్ల డాలర్లు వచ్చినయి, అదే ఏడు హైదరాబాద్ జర్నలిస్టు మంజులత కళానిధి రైస్ బకెట్ చాలెంజ్ మొదలువెట్టింది, ఒక బకెట్ బియ్యం లేనోళ్ళకిచ్చి ఫోటో పెట్టుమన్నది. ముందు బియ్యం, తర్వాత ఫోటో.

అందుకే పోస్టులు ఆపుమంటలేను. పేషెంట్ ఉన్న వార్డు, బ్లడ్ గ్రూపు, ఎన్ని యూనిట్లు, ఏ తారీఖు వరకు, ఇవి రాసి పెట్టుండ్రి, పని కాంగనే డిలీట్ చేసి "దొరికింది" అని అన్ని గ్రూపులల్ల చెప్పుండ్రి. ఫార్వర్డ్ చేసే ముందు ఆ నంబర్‌కు ఒక్క కాల్ కొట్టుండ్రి. ఏ బ్లడ్ బ్యాంకుల ఏ గ్రూపు ఉందో ఈ-రక్తకోశ్ సైట్ల చూడొచ్చు.

ఇంకొకటి, ఎండకాలం కాలేజీలు బంద్ కాంగనే క్యాంపులు తగ్గుతయి, రక్తం కరువైతది. దాసిపెట్టుకుందామంటే ఎర్ర కణాలు 42 రోజుల కంటే ఎక్కువ నిల్వ ఉండయి, ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. తలసేమియా (ఒంట్ల రక్తం సరిగ్గ తయారుకాని పుట్టుక జబ్బు) పిల్లలకేమో రెండు మూడు వారాలకోసారి ఎక్కియ్యాల్సిందే, ఎండకాలమని ఆగదు. మగోళ్ళు 3 నెలలకోసారి, ఆడోళ్ళు 4 నెలలకోసారి ఇయ్యొచ్చు. ఈసారి ఆ పాప ఫోటో వస్తే పక్కకు పెట్టి, సుబేదారి రెడ్‌క్రాస్‌ల క్యాంపు ఎప్పుడో కనుక్కొని ఆ తారీఖు గ్రూపుల ఏయుండ్రి, కింద "నేను పోతున్న, ఎవరొస్తరు" అని రాయుండ్రి.