పంజరంలోని మట్టి ముంత గారికి

మహారాజరాజశ్రీ మట్టి ముంత గారి సముఖమునకు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను, మా ఆవిడ, మా అమ్మ క్షేమం. చిన్నోడి నెత్తి మాత్రం క్షేమంగా లేదు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోంచేసి నడుం వాలుద్దామని వెళ్తూ బాల్కనీలోకి తొంగి చూశాను. మా నాలుగు జీబ్రా ఫించ్ పిట్టల్లో చిన్నోడు పంజరం అడుగున నీళ్ళ గిన్నె వెనక నక్కి ఉన్నాడు. మెడ దగ్గర్నుంచి నడినెత్తి దాకా ఒక్క ఈక లేదు. గులాబీరంగు చర్మం, దాని మీద రెండు ఎర్రటి గాట్లు. పైన మీ గుమ్మంలో కూర్చుని ఇంకో మగపిట్ట, కరణం గారు, ముక్కుకి అంటుకున్న ఈకని కర్రకేసి తుడుచుకుంటున్నారు.

నిద్ర సంగతి చెప్పక్కర్లేదు. మొదట ఫోన్ చేసిన డాక్టరు గారు కుక్కలు, పిల్లులే చూస్తానన్నారు. రెండో ఆయన బరువెంత అని అడిగారు. 12 గ్రాములుంటుందేమో అంటే ఫోన్ పెట్టేశారు. పసుపు రాయమని అమ్మ, ముట్టుకుంటే భయంతోనే చస్తుందని మా ఆవిడ. చివరికి చెప్పుల అట్టపెట్టెకి చిల్లులు పొడిచి, అడుగున పాత బనీను పరిచి, చిన్నోణ్ణి అందులో పెట్టేసరికి సాయంత్రం టీ టైమయింది.

ఇందులో మీ ఒక్కరి తప్పే ఉందని అనను. కొట్టాయన "రెండు జతలు సార్, గ్యారంటీ" అన్నాడు. అప్పటికి నాలుగింటికీ ముక్కులింకా నల్లగానే ఉన్నాయి, పిల్లలు. రెండు నెలలు తిరిగేసరికి ముగ్గురికి బుగ్గలు నారింజరంగులోకి తిరిగి, గొంతు కింద జీబ్రా చారలు దిగాయి. ముగ్గురు పెళ్ళికొడుకులు, ఒక్క అమ్మణ్ణి. అడగడానికి వెళ్తే "మీ అదృష్టం సార్, పాడేవి మగవే" అన్నాడు. ఆయన అంటగట్టిన పంజరం గుడి గోపురంలా ఎత్తుగా ఉంటుంది. ఈ పిట్టలేమో హెలికాప్టర్‌లా పైకి లేవవు, అటూ ఇటూ ఎగురుతాయి. వెడల్పు లేని పంజరంలో తరిమేవాడు ఒక్క గంతేస్తే చాలు. గంట కట్టిన అద్దం ఒకటి కూడా ఇచ్చాడు. అందులో కరణం గారికి నాలుగో మగాడు కనబడ్డాడు. ఆ గొడవ మూడు రోజులు నడిచింది.

కానీ అసలు కథ మీరొచ్చాకే మొదలైంది.

మీరు రాకముందు నలుగురూ ఒకే కర్ర మీద ఒకరినొకరు ఒరుసుకుని కూర్చునేవాళ్ళు. ఒకడి మెడ ఒకడు సున్నితంగా దువ్వేవాడు. ఇల్లు లేని పక్షులని జాలిపడి, ఫ్రీగా వచ్చారు కదా అని, మిమ్మల్ని తీగతో పైమూల కట్టాను. మొదటి రోజు ఎవరూ దగ్గరికి రాలేదు. రెండో రోజు మగాళ్ళలో ఒకడు మీ మూతి మీద వాలాడు. తల లోపలికి పెట్టి చూశాడు, లోపలికెళ్ళి ఒక చుట్టు తిరిగాడు, బయటికొచ్చి రెక్కలు దులిపాడు. రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఆ క్షణం నుంచి మీకు జానెడు దూరంలో ఇంకో మగపురుగు వాలడానికి వీల్లేదు. అప్పుడే మా అమ్మ వాడికి కరణం అని పేరు పెట్టింది. కరణాలు 1984లో ప్రభుత్వం ఆ ఉద్యోగాలు తీసేసినప్పుడే పోయారనుకున్నాం. మా బాల్కనీలో ఇంకా భూమి లెక్కలు చూస్తూనే ఉన్నారు.

మూరెడు గట్టు కోసం మా నాన్న, పెదనాన్న పన్నెండేళ్ళు కోర్టు చుట్టూ తిరిగిన ఇంట్లో పుట్టినవాణ్ణి. ఆస్తి కళ్ళబడితే అన్నదమ్ములేమవుతారో నాకు తెలియదా? అయినా మిమ్మల్ని తెచ్చి కట్టాను, నా బుద్ధికి చెప్పుచ్చుకోవాలి.

రెండో ముంత కడితే తగ్గుతుందన్నారు. ఒకే ఎత్తులో కట్టు, లేకపోతే పైదాని కోసం కొట్టుకుంటాయన్నారు. దారం పెట్టి కొలిచి మరీ కట్టాను. కరణం గారు పొద్దున తూర్పు ఫేసింగ్‌లో, సాయంత్రం పడమర ఫేసింగ్‌లో. రెండు ఫ్లాట్ల ఓనరయ్యారు. నడిపోడు తెలివైనవాడు, కింది కర్రకి దిగిపోయి కొర్రలు తింటూ బతుకుతున్నాడు. చిన్నోడికి ఆ తెలివి లేదు. ఇంత కొబ్బరి పీచు ముక్కున పట్టుకుని మళ్ళీ మళ్ళీ మీ గుమ్మం దాకా వచ్చాడు. అదే వాడి నేరం.

2010లో వీటి జన్యుక్రమం మొత్తం చదివేశారట శాస్త్రవేత్తలు. పక్షుల్లో కోడి తర్వాత వీటిదేనట. ముంత కనబడగానే తోటివాడి నెత్తి పీకమని అందులో ఏ పేజీలో రాసుందో నాకు చూపించమనండి. వీటి సొంతూరు ఆస్ట్రేలియాలో ముళ్ళపొద దగ్గర దెబ్బ తిన్నవాడు ఇంకో పొదకి ఎగిరిపోతాడు. ఇక్కడెక్కడికి పోతాడు? అడుగున నీళ్ళ గిన్నె వెనక్కి పోతాడు. ఏం ముంతవయ్యా నువ్వు? పావుకిలో మట్టి! కుమ్మరి చక్రం మీద ఒక్క నిమిషం తిరిగినందుకే ఇంత అహంకారమా? నిన్ను నేలకేసి కొట్టడానికి ఆదివారం సాయంత్రం చెయ్యెత్తాను కూడా. లోపల పీచుని చేత్తో చుట్టినట్టు గుండ్రంగా, మధ్యలో మెత్తటి గుంట వచ్చేలా అల్లి ఉంది. మధ్యలో చిన్నోడివే కాబోలు, రెండు తెల్ల ఈకలు పరిచారు. చెయ్యి దించేశాను. మీ ముంతలిద్దరినీ వాషింగ్ మెషిన్ మీద పెట్టాను.

సోమవారం అద్దం పీకేశాను. గింజల గిన్నెలు రెండు చేసి, చెరో చివర పెట్టాను. చిన్నోణ్ణి పెట్టెలోంచి తీసి లోపల వదిలాను. నమ్మరు, మంగళ, బుధవారాలు ఒక్క కీచులాట లేదు. కరణం గారు కూడా మాజీ ఉద్యోగిలా ఓ మూల కూర్చున్నారు. నేనే నెగ్గానని ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను.

ఈరోజు పొద్దున చూస్తే కొర్రల గిన్నెలో గుడ్డుంది. చిక్కుడు గింజంత, తెల్లగా. ముంత లేకపోతే అమ్మణ్ణి మాత్రం ఏం చేస్తుంది? గిన్నె అంచు మీద కరణం గారు రెక్కలు విప్పి కాపలా. నడిపోడు, చిన్నోడు రెండో గిన్నె దగ్గర భయం భయంగా ఒక్కో గింజ ఏరుకుంటున్నారు.

అందుచేత తమరిని తిరిగి విధుల్లోకి తీసుకోవడమైనది. వెడల్పాటి పంజరం ఒకటి రేపు వస్తోంది. కరణం దంపతులు, గుడ్డు, తమరు అందులోకి మారాలి. పాత పంజరంలో మగాళ్ళిద్దరికీ కర్రలు, కొర్రలు, నీళ్ళు. అంతే. ముంత లేదు, అమ్మాయి లేదు, పీచు పోగు కూడా లేదు.

ఇట్లు,
తమ ఇంటి ఓనరు

తా.క.: రెండో ముంతలో మా అమ్మ కొత్తిమీర జల్లింది. మూతి పక్కకి ఉంది కాబట్టి ఏ వైపు మొలుస్తుందో చూడాలి.