కంప్యూటరమ్మ దగ్గితే

‘మామూలే’ అనే మందు ఏ షాపులోనూ దొరకదు. డాక్టరుగారి నోట్లోనే ఉంటుంది, ఫీజు విడిగా. మా పిన్నికి పదిహేనేళ్లుగా అదే వాడుతున్నారు. దగ్గితే మూత్రం పడి తడి, తుమ్మితే తడి, సాయంత్రానికి కింద ఏదో జారినట్టు బరువు. ‘ముగ్గుర్ని కన్నారు కదమ్మా, మామూలే.’

పిన్ని చేసిన తప్పల్లా మనిషిగా పుట్టడం. కంప్యూటర్లో పుట్టి ఉంటేనా!

అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు 2004లో కంప్యూటర్లోనే ఒకావిడకు పురుడు పోశారు. పిల్లల్ని కనని 34 ఏళ్లావిడ ఎమ్మారై స్కాన్లు తీసుకుని, కటి అడుగున ఉట్టిలా మోసే కండరాలను గీసి, బిడ్డ తలను దించి కొలిచారు. ఒక కండరం 3.26 రెట్లు సాగింది. కాలుచేతుల కండరం దెబ్బతినకుండా ఒకటిన్నర రెట్లు సాగితే గొప్ప. 2009లో అక్కడే ఇంకో బొమ్మలో కండరాన్ని నీరసపరిచి, పట్టి ఉంచే బంధనాలు వదులు చేసి, పొట్టలో ఒత్తిడి పెంచారు. మూత్రసంచి కిందికి జారింది.

ఒత్తిడి పెంచడమంటే దగ్గించడమేగా. ఆ వైభోగం నా కళ్లకు కడుతోంది. కంప్యూటరమ్మ ఇలా దగ్గగానే నలుగురు ఇంజినీర్లు కుర్చీలు లాక్కుని చేరతారు. ‘ఎన్ని మిల్లీమీటర్లు దిగింది?’ ‘మళ్లీ దగ్గించు.’ రాత్రంతా ఆవిణ్ణి దగ్గుతూ వదిలేసి, పొద్దున్నే కాఫీ అయినా తాగకుండా పరిగెత్తుకొస్తారు. ఒక్కడూ మామూలే అనడు. మా పిన్ని దగ్గితే బాబాయి టీవీ సౌండు పెంచుతాడు. పెళ్లికి బస్సెక్కాలంటే ముందురోజు సాయంత్రం నుంచే ఆవిడ నీళ్లు మానేస్తుంది. సంచిలో మడత చీర, దాని కింద ఇంకో లంగా.

కాబట్టి పిన్నీ, నడుం కింది భాగాన్ని వెయ్యి ముక్కలుగా గీయించుకుని స్క్రీన్ మీద రంగులు వేయించుకో. ఎర్రగా కనిపించిన చోట ఎవరో ఒకరు ఆగి చూస్తారు.

ఇంజినీర్ల మీద నాకు కోపం లేదు. కారునైతే అమ్మేముందు గోడకు గుద్ది చూస్తారు. జారినదాన్ని ఎత్తిపట్టే ప్లాస్టిక్ వలను మాత్రం ఆడవాళ్ల ఒంట్లోనే పెట్టి చూశారు. ‘పాత వల లాంటిదే’ అంటే చాలు, 2016 దాకా అమెరికాలో అనుమతి వచ్చేసేది. యోనిలోంచి పెట్టే ఆ వలల అమ్మకం ఆపమని ఆ అనుమతులిచ్చే సర్కారీ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పింది 2019 ఏప్రిల్‌లో. ఈలోగా ఆ వల మాంసం కోసుకుని బయటికొచ్చి, కూర్చోలేక ఏడ్చినవాళ్ల మాటేమిటి? వాళ్లకూ మామూలేనా? సిగ్గులేదూ!

ఆ కటి అడుగు కండరాల్నే బిగించి వదిలే వ్యాయామం గురించి కెగెల్ అనే డాక్టరు 1948లోనే రాశాడు. పైసా ఖర్చులేని ముక్క. పదిహేనేళ్లలో పిన్నికి ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు.

మొన్న ఆదివారం నేను చెప్పాను. పిన్ని నవ్వబోయి, ఆగి, కాళ్లు దగ్గరకు పెట్టుకుని, అప్పుడు నవ్వింది.