సవరణ: ప్రొపెల్లర్ పిచ్ గురించి తిరగేసి రాశాను

పడవ వెనక బిగించే చిన్న ఔట్‌బోర్డ్ మోటారుకి ప్రొపెల్లర్ ఎంచుకోవడం గురించి మొన్న రాస్తూ, ఫుల్ థ్రాటిల్‌లో మాన్యువల్‌లో చెప్పిన ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) అందకపోతే పిచ్ (ప్రొపెల్లర్ నీళ్లలో జారకుండా ఒక చుట్టు తిరిగితే ముందుకి జరిగే దూరం, అంగుళాల్లో) పెంచమన్నాను. తప్పు నాదే, సరిగ్గా తలకిందులుగా రాశాను. అందకపోతే పిచ్ తగ్గించాలి, పరిమితి దాటుతుంటే పెంచాలి. మోటారు మాన్యువల్, ప్రొపెల్లర్ తయారీదారుల పట్టికలు మళ్లీ చూస్తే తెలిసింది. పిచ్ ఒక అంగుళం మారితే ఆర్‌పీఎం సుమారు 150 నుంచి 200 మారుతుంది కాబట్టి, మాన్యువల్‌లో 5000–6000 అని ఉండి, మీ పడవ మామూలుగా ఎక్కే మనుషులతో, సామానుతో 4800 దగ్గరే ఆగిపోతుంటే రెండంగుళాలు తక్కువ పిచ్ ఉన్నది పెట్టి చూడండి. ఇంకోటి, ప్రొపెల్లర్ హబ్ (మధ్య భాగం) మీద 9 × 10 అని ఉంటే మొదటిది వ్యాసం, రెండోది పిచ్. దీన్ని కొందరు తిరగేసి చదివారు, అది మాత్రం నా తప్పు కాదు!