పదమూడో నంబరు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ పదమూడో నంబరు గారికి,

నమస్కారాలతో రాయునది. ఆదివారం తెల్లవారుజామున, ఊరు ఇంకా ముసుగు తీయకముందే, ఒంటికి అతుక్కునే జెర్సీలు తొడుక్కుని హైదరాబాదు నుంచి చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు బయలుదేరే ఔత్సాహిక సైకిల్ పందెగాళ్లలో నేనొకడిని. మాలో డాక్టర్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, సాఫ్ట్‌వేర్ వారైతే లెక్కకు మించి ఉన్నారు. ఆఫీసులో ఆధారం చూపనిదే ఏ మాటా ఒప్పుకోని మేమందరం, సైకిలెక్కిన మరుక్షణం మా ఓటములన్నిటికీ మీరే కారణమని ఏకగ్రీవంగా తీర్మానించేస్తాము. ఇంతటి బాధ్యతను దమ్మిడీ జీతం లేకుండా మోస్తున్న మీకు ఎవరో ఒకరు ఉత్తరం ముక్కయినా రాయకపోతే మర్యాదగా ఉండదని ఈ సాహసం చేస్తున్నాను.

పందేనికి ముందురోజు సాయంత్రం బిబ్బులు, అంటే జెర్సీకి తగిలించుకునే నంబరు గుడ్డముక్కలు, పంచే బల్ల దగ్గర తమకు జరిగే సత్కారం నేను దగ్గరుండి చూశాను. కవరు చించి మిమ్మల్ని చూసిన మనిషి మొహం, పరీక్ష ఫలితాల్లో తన నంబరు కనబడని విద్యార్థి మొహాన్ని మించిపోయింది. ఎవరైనా మార్చుకుంటారేమోనని నలుగురినీ అడిగాడు. ఎవరూ ముందుకు రాకపోయేసరికి రెండు బిబ్బుల్లో ఒకదాన్ని తలకిందులుగా తిప్పి, స్నేహితుడిని పిలిచి, నడుము పక్కన నాలుగు మూలలా నాలుగు పిన్నీసులతో ముడత లేకుండా బిగింపజేసుకున్నాడు. ఆ పిన్నీసుల మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు, అక్కడే గోడకు ఆనించి ఉన్న సైకిలు మీద పెట్టి ఉంటే, వెనక టైరు నడిమధ్య రబ్బరు అరిగిపోయి లోపలి పోగులు బయటికి తొంగిచూస్తున్న సంగతి అతనికి తెలిసేది. మర్నాడు ఆ టైరు పోయింది, అపకీర్తి మీకు వచ్చింది.

ఈ తలకిందుల ఆచారం ఐరోపా ప్రొఫెషనల్ రైడర్లది. వారి పెద్ద సైకిల్ పందెం టూర్ ద ఫ్రాన్స్‌లో రెండో జట్టు నంబర్లు 11 నుంచి మొదలవుతాయి కనుక ఆ జట్టులో ఎవరో ఒకరికి ఏటా మీరు తప్పరు; వారిలో చాలామంది మిమ్మల్ని ఒకవైపు నిలువుగా, మరోవైపు శీర్షాసనంలో మోస్తారు. మీరు అశుభమన్న అనుమానం వారికి తరతరాలుగా ఉంది. మా సంగతి అలా కాదు. త్రయోదశినాడు ప్రదోషవేళ శివాలయానికి వెళ్లేవాళ్లం, ధనత్రయోదశికి అప్పు చేసైనా బంగారం కొనేవాళ్లం, కొన్ని ఇళ్లలో పదమూడో నాటి శుభస్వీకారంతోనే మైల వదిలించుకునేవాళ్లం. మాకు అష్టమి, నవమి అంటే గుబులు తప్ప మీతో ఏ కాలంలోనూ పేచీ లేదు. కార్బన్ ఫ్రేములతో, నల్లకళ్లద్దాలతో పాటు మీ భయాన్ని కూడా దిగుమతి చేసుకున్నాం. దానికి కస్టమ్స్ సుంకం లేకపోవడమే పొరపాటయిందని నా అభిప్రాయం.

పోనీ, మీ ఒక్కరితో సరిపెట్టుకున్నామా అంటే అదీ లేదు. కొత్త సైకిలు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం, హ్యాండిల్‌బారుకు నల్లదారం కడతాం, గడప దాటేటప్పుడు ఎవరైనా తుమ్మితే చెప్పులు విడిచి మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరతాం. అదృష్టవశాత్తూ ఆదివారం రాహుకాలం సాయంత్రం నాలుగున్నరకు గాని మొదలుకాదు కాబట్టి, ఉదయం ఆరింటికి మొదలయ్యే మా పందేల జోలికి ఆయన రాలేడు. ఆయన రాకపోయినా పంక్చర్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. వాటి కారణం ఇంట్లో వినబడ్డ తుమ్ము కాదు, రోడ్డు పక్కన పెరిగిన సర్కారు తుమ్మ.

అసలు మా శాఖలో అన్నిటికన్నా బలమైన నిషేధం పంక్చరు గురించి మాట్లాడకూడదన్నది. "నాకు పంక్చరు పడి చాలా కాలమైంది" అని ఎవరైనా నోరు జారితే చాలు, పక్కనున్నవారంతా ఉలిక్కిపడి తాకడానికి చెక్క కోసం వెతుకుతారు. కార్బన్ సైకిళ్ల మధ్య చెక్క ఎక్కడ దొరుకుతుంది గనక. విచిత్రమేమిటంటే ఈ శకునం నిజంగానే తరచు ఫలిస్తుంది, దానికి తగిన కారణం కూడా ఉంది. చాలాకాలంగా పంక్చరు పడనివాడు సాధారణంగా ఆ టైరు చాలాకాలంగా మార్చనివాడు అయి ఉంటాడు. రబ్బరు పలచబడిపోయి, పాత కోతల్లో సన్నని గాజుపెంకులు, పేలిన లారీ టైర్ల నుంచి రాలిన వెంట్రుకవాసి ఇనుప తీగలు చేరి, ఒక్కో చుట్టుకూ ఇంత చొప్పున లోపలికి దిగుతూ ఉంటాయి. వాన పడితే పని మరింత సులువు: చెత్తంతా రోడ్డు అంచుకు కొట్టుకొస్తుంది, తడి రబ్బరును కోయడానికి గాజుకు నీరే కందెన అవుతుంది. ఇక గాలి తక్కువగా కొట్టుకుని గుంత అంచును ఢీకొన్నవాడి ట్యూబు రిమ్ముకూ గుంతకూ మధ్య నలిగి, పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు రంధ్రాలు పడతాయి. ఆ రెండు రంధ్రాలను చూసిన ఏ మెకానిక్ అయినా గాలి ఎంత కొట్టావని అడుగుతాడే గాని నీ నంబరెంత అని అడగడు. పందెం ముగిశాక టెంటు కింద మేము చెప్పుకునే కథల్లో మాత్రం గాలి ప్రస్తావన రాదు, నంబరు ప్రస్తావనే వస్తుంది.

పడిపోవడాల లెక్క కూడా ఇంతే. గుంపులో వెళ్లేటప్పుడు మన ముందు చక్రాన్ని ముందువాడి వెనక చక్రం పక్కకు చేర్చి ఉంచితే, అతను గుంత తప్పించుకోవడానికి జానెడు పక్కకు జరిగినా రెండు చక్రాలూ రాసుకుంటాయి. అప్పుడు పడేది దాదాపు ఎప్పుడూ వెనకవాడే. ఇది మొదటి వారమే చెప్పే పాఠం. పడినవాడు లేచి మోచేయి తుడుచుకుంటూ "ఇవాళ టైము బాగోలేదు" అంటాడు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెతకు మా జట్ల దగ్గర దొరికినన్ని ఉదాహరణలు ఏ నాట్యశాలలోనూ దొరకవు.

మీ మీద అభియోగం మోపేవారు చరిత్ర కూడా తిరగేస్తారు గనక ఆ లెక్క కూడా చూద్దాం. 1913 టూర్‌లో ఫ్రెంచి రైడర్ యూజీన్ క్రిస్టోఫ్ సైకిలు ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప కవ, తూర్మలే కనుమ దిగుతుండగా విరిగింది. ఆయన సైకిలును భుజాన వేసుకుని మైళ్ల కొద్దీ నడిచి, సెంత్ మరీ ద కాంపాన్ అనే ఊళ్లో కమ్మరి కొలిమి దగ్గర తానే ఫోర్కును అతికించుకున్నాడు. కొలిమి తిత్తి ఊదడానికి ఒక కుర్రవాడు సాయం చేశాడని అధికారులు ఆయనకు సమయం జరిమానా వేశారు. ఏడాదిలో మీ పేరుంది కాబట్టి అది మీ పనేనని ఒప్పుకుందాం. అదే క్రిస్టోఫ్ ఫోర్కు 1919లోనూ, 1922లోనూ విరిగింది. మరి అప్పుడు తమరు ఎక్కడున్నారు? ఆ రోజుల రాళ్లబాటల మీద ఆ రోజుల ఉక్కు విరగడానికి ఎవరి అనుమతీ అడగలేదు. ఇంకోవైపు 51వ నంబరుకు జరిగే పూజలు చూడండి: 1969లో ఎడ్డీ మెర్క్స్, 1973లో ఓకాన్యా, 1975లో తెవెనే, 1978లో హినో ఆ నంబరుతో టూర్ గెలిచారని అది అదృష్ట సంఖ్య అయి కూర్చుంది. మెర్క్స్ కాళ్ల ఘనతను ఒక గుడ్డముక్క కొట్టేసింది.

ప్రపంచ చాంపియన్ తొడుక్కునే ఇంద్రధనుస్సు జెర్సీకి శాపం ఉందన్న మాట కూడా తమ బంధువర్గంలోనిదే. ఆ జెర్సీ వేసుకున్న ఏడాది విజయాలు తగ్గుతాయన్న వాదాన్ని జెనీవాకు చెందిన థామస్ పెర్నెగర్ 2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పరిశీలించి, అసాధారణంగా కలిసొచ్చిన ఏడాది తర్వాత మనిషి తన మామూలు స్థాయికి తిరిగి రావడమే దీని కారణమని తేల్చాడు. ఆ శాపానికి సాక్ష్యంగా అందరూ చెప్పేది బెల్జియం కుర్రవాడు జాన్ పియేర్ మాన్సెరే కథ. 1970లో ప్రపంచ విజేత అయిన అతను, 1971 మార్చిలో, ఇరవై రెండేళ్ల వయసులో, ఆ జెర్సీతోనే ఒక పందెంలో మరణించాడు. ఈ కథ చెప్పేవారు జెర్సీ రంగులు వర్ణించినంత వివరంగా, పందెం జరుగుతున్న దారిలోకి వచ్చి అతన్ని ఢీకొన్న కారు సంగతి వర్ణించరు.

అయ్యా, నాకు మీతో అసలు పేచీ ఇక్కడే. టైరు మార్చనివాడు మీ చాటున దాక్కుంటే నష్టం అతనొక్కడిదే. పందెం పెట్టినవారు దాక్కుంటే అలా కాదు. ఆటోలు, ట్రాక్టర్లు, ఎదురుదారిన వచ్చే మోటారుసైకిళ్లు తిరిగే రోడ్డు మీద, మలుపు దగ్గర జెండా పట్టుకునే మనిషైనా లేకుండా పందెం నడిపించి, ఎవరిదో భుజం ఎముక విరిగితే "దురదృష్టకర సంఘటన" అని ప్రకటించి చేతులు దులుపుకునే నిర్వాహకులను చూశాను. ఆ రోజు పడినవాడి నంబరు మీది కూడా కాదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, వచ్చే పందెం నుంచి వారు జెండా మనుషులను పెంచలేదు గాని జాబితాలో మిమ్మల్ని తీసేశారు: పన్నెండు తర్వాత పద్నాలుగు. చండీగఢ్‌లో చాలాకాలం 13వ సెక్టారు లేకుండా గడిపినట్టే ఇదీనూ.

ఆ పద్నాలుగు నాకు వచ్చింది. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నా నేను పదమూడోవాడినే కాబట్టి, మీ శాపం పేరు మార్చుకుని నా నడుముకే తగులుకుందని తోటివారు నిర్ణయించారు. కనుక తమరు దయచేసి తిరిగి జాబితాలోకి వచ్చి, నా నంబరు నాకు ఇప్పించవలసిందిగా ప్రార్థన. తమరిని తలకిందులు చేయనని హామీ ఇస్తున్నాను. ముగింపు గీత దగ్గర నంబర్లు రాసుకునేవారికి మెడ పట్టేస్తుంది. వచ్చేటప్పుడు వీలైతే మలుపుకు ఒకరు చొప్పున జెండా మనుషులను కూడా వెంటబెట్టుకు రాగలరు.

ఇట్లు,
జాబితాలో 14, లెక్కలో 13