గ్నూ మేక్ మాన్యువల్ గారి దివ్యసముఖానికి

అమలాపురం దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ నుంచి రాయునది.

మహారాజశ్రీ మాన్యువల్ గారికి,

ఆయ్, నమస్కారమండి. తమరు కులాసాయేనా? రెండొందల పేజీలు దాటిన ఒళ్లు కదా, జిరాక్స్ షాపులో స్పైరల్ రింగు పట్టక కుర్రాడు కాస్త ఇబ్బంది పడ్డాడు. అంతకుమించి ఇక్కడంతా క్షేమం. స్వేచ్ఛగా కాపీ తీసుకోండని తమరే లైసెన్సులో రాసిచ్చారు కాబట్టి ఇందులో దొంగతనమేమీ లేదు. ఈ రోజుల్లో అంత మాట ఎవరంటారండీ! దానికో దణ్ణం పెట్టుకున్నాకే మిగతా సంగతులు.

తమరు వర్ణించే మేక్ అనే సాఫ్ట్‌వేర్ చేసేది చిన్న పనే. సి ప్రోగ్రామ్ పది ఫైళ్లలో ఉంటే, ఒకటి మార్చినప్పుడు పదీ మళ్లీ కంపైల్ చేయకుండా (అంటే కంప్యూటర్ నడిపే రూపంలోకి మార్చకుండా), మారినదాన్నీ దాని మీద ఆధారపడ్డవాటినీ మాత్రమే చేసిపెడుతుంది. లెక్క చివరి నుంచి మొదలవుతుంది. శివారు చేనుకు నీళ్లు కావాలంటే పంట బోదె, బోదెకు కాలువ, కాలువకు లాకు, అలా పైకి పోతే ధవళేశ్వరం. మావైపు ఏ శివారు రైతునడిగినా ఒక్క ఊపిరిలో చెప్పేస్తాడు. తమరేమో మొదటి ఉదాహరణకే ఎనిమిది సి ఫైళ్లు, మూడు హెడర్లు పెట్టి ఏకంగా టెక్స్ట్ ఎడిటర్ కట్టిస్తారు. పైగా అది సింపుల్ మేక్‌ఫైలట (మేక్‌కి ఏం చేయాలో రాసిచ్చే ఫైలు)!

సరే, ట్యాబ్ సంగతికొద్దాం. మేక్‌ఫైలులో ఆదేశం రాసే ప్రతి వరుసా ట్యాబ్‌తోనే (ట్యాబ్ కీ ఒక్కసారి నొక్కితే పడే ఖాళీ) మొదలవ్వాలి, స్పేసులు చెల్లవు. తెలియనివాళ్లు ఇక్కడ దొరికిపోతారని తమరే రాశారు. గుంత ఉందని బోర్డు పెట్టారు గానీ, పూడ్చలేదు. 1976లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ గారు మొదటి మేక్ రాశారు. కొన్ని వారాలకే డజను మంది వాడుకుంటున్నారు, ఎక్కువమంది స్నేహితులే. వాళ్లను ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక ఆయన ట్యాబ్ జోలికి పోలేదు. 2003లో కంప్యూటర్ నిపుణుల సంఘం ఏసీఎం వాళ్లు ఈ మేక్‌కే అవార్డిచ్చారు, అది న్యాయమే. కానీ డజను మంది దగ్గర పడ్డ మొహమాటం ఇన్నేళ్లయినా ప్రపంచం మొత్తాన్ని పీడిస్తోంది. మొహమాటానికి పోతే ఏమవుతుందో మావైపు ఒక సామెత ఉంది, కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయలేను.

అసలు తమాషా అచ్చులో ఉంది. కాగితం మీద ట్యాబ్ ఏదో, ఎనిమిది స్పేసులేవో బ్రహ్మదేవుడికైనా తెలుస్తుందా? మా సెకండియర్ పిల్ల జిరాక్స్ పక్కన పెట్టుకుని, ప్రతి వరుస ముందూ ఎనిమిదిసార్లు స్పేస్ కొట్టి, కామా కూడా తప్పకుండా టైపు చేసింది. ఎంటర్ కొట్టగానే మేక్ నుంచి ‘మిస్సింగ్ సెపరేటర్’ అని తప్పు. పక్కనే, ఎనిమిది స్పేసులకు బదులు ట్యాబ్ అనా మీ ఉద్దేశం, అని ఒక ప్రశ్న. అంటే దానికి తెలుసండీ! ఏం తప్పో తెలుసు, ఏం కావాలో తెలుసు. అయినా ‘స్టాప్’ అని కూర్చుంది. ఆ పిల్ల నావైపు చూసి, “దానికి తెలిసినప్పుడు అదే పెట్టుకోవచ్చు కద సార్” అంది. తమరి పుటలన్నీ తిరగేశాను, జవాబు దొరకలేదు.

ఫైలు ముందుదా తర్వాతదా అని తేల్చడానికి తమరు నమ్మేది తారీఖునొక్కదాన్నే. మా దగ్గర గాలివాన కొడితే కరెంటు పోతుంది. గడియారాన్ని నడిపే బటన్ సెల్ అయిపోయిన కంప్యూటర్ మళ్లీ లేచేసరికి ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. అప్పుడు పిల్లలు ప్రోగ్రామ్ దిద్ది మేక్ కొడితే, నిన్నటి ఫైళ్లు భవిష్యత్తులోంచి వచ్చాయని ఒక హెచ్చరిక, చేయాల్సిందేమీ లేదని ఒక కబురు. దిద్దింది దిద్దినట్టే ఉంటుంది, ప్రోగ్రామ్ మాత్రం మారదు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ పక్కన నిలబడి ఉండగా ఇలా జరిగితే ఎంత టెన్షనో తమబోటి స్థితప్రజ్ఞులకు ఏం తెలుస్తుంది లెండి.

$@, $<, $^, $?, $+ అని తమరు నేర్పే పొట్టి గుర్తుల గురించి ఏమీ అనను. కోపమొచ్చినప్పుడు కీబోర్డు మీద ఎవరైనా అవే కొడతారు.

ఒక్క విషయంలో మాత్రం మా పిల్లలు తమరికి ఏకలవ్య శిష్యులు. కొత్తవాళ్లు ప్రతి అధ్యాయంలో మొదటి కొన్ని సెక్షన్లు చదివి, తర్వాతవి వదిలేయమని మొదటి అధ్యాయంలోనే సెలవిచ్చారు. తమరిని చూడకముందు నుంచే వాళ్లు సెమిస్టర్ పరీక్షలకు చదివేది అలాగే.

చివరగా ఒక మనవి. 2010లో 3.82 వెర్షన్‌తో, ట్యాబ్ బదులు వేరే అక్షరం పెట్టుకునే వీలు కల్పించారు. 1976 నుంచి లెక్కేస్తే 34 ఏళ్లకన్నమాట. ఆ శుభవార్త రెండో అధ్యాయంలో ఒక్క వాక్యంలో చెప్పి, వివరం కావాలంటే ఎక్కడో వేరియబుల్స్ అధ్యాయం చివరికి నడవమంటారు. నడిచాం. తీరా ఆపిల్ ల్యాప్‌టాప్ కొనుక్కున్న కుర్రాడి దగ్గర అదీ చెల్లలేదు, దాంతో వచ్చిన మేక్ 3.81. కాబట్టి తదుపరి ముద్రణలో ట్యాబ్ ఉన్నచోటల్లా చిన్న బాణం గుర్తు వేయించండి. సిరా ఖర్చు మా ల్యాబ్ ఫీజులోంచి ఇచ్చుకుంటాం.

ఇట్లు,
తమ విధేయుడు,
ల్యాబ్ ఇన్‌చార్జి