‘ఏ సినిమాలోది?’ అన్న ప్రశ్న దాటితే

విజయవాడలో ఎవరికైనా ఒక కొత్త పాట వినిపించి చూడండి. బాగుందనో లేదనో చెప్పేలోపే ‘ఏ సినిమాలోది?’ అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. గాంధీనగర్ వీధుల నుంచి సినిమా పంపిణీ వ్యాపారం దశాబ్దాల పాటు నడిచిన ఊరిది. పాట అంటే సినిమా పాట, పాటకు చిరునామా అంటే సినిమా పేరు అన్న అలవాటు ఇక్కడ తరాలుగా స్థిరపడింది. కానీ ఆ అలవాటు వల్ల మనం పోగొట్టుకుంటున్నది చాలా పెద్దదని నా అభిప్రాయం. ఈజిప్టులో, ఇథియోపియాలో, చిలీలో, కేప్ వెర్డి ద్వీపాల్లో జనం తమ బతుకులో భాగం చేసుకున్న పాటల్లో ఎక్కువ భాగం ఏ తెర మీదా పుట్టినవి కావు. అవి మనకు చేరకపోవడానికి భాషే అడ్డమని అందరూ అంటారు. అడ్డం భాష కాదని, ఆ సంగీతాన్ని వినడానికి కావలసిన చెవి కృష్ణా, గుంటూరు జిల్లాల వారికి ముందే ఉందని నేను నమ్ముతున్నాను.

భాష సంగతే ముందు చూద్దాం. త్యాగరాజు తమిళనేల మీద, తిరువయ్యారులో ఉండి తెలుగులో కృతులు రచించాడు. ఆయన కన్నుమూసిన 1847 నుంచి నేటి వరకు ఆ కృతులను వింటూ కళ్లు చెమర్చుకున్న శ్రోతల్లో తెలుగు రానివారు అసంఖ్యాకం. పాడినవారిలోనూ చాలామంది సాహిత్యాన్ని తమ లిపిలో రాసుకుని కంఠస్థం చేసినవారే. ఇది న్యాయమా అన్న ప్రశ్న 1940లలో తమిళ ఇసై (తమిళ సంగీత) ఉద్యమంగా లేచింది. రాజా అన్నామలై చెట్టియార్ వంటివారు, కచేరీ వేదిక మీద శ్రోతల సొంత భాషకు తగిన చోటు ఉండాలని అడిగారు. ఆ కోరిక పూర్తిగా సమంజసమైనది. అయినా త్యాగరాజ కృతి మద్రాసు వేదిక దిగిపోలేదు, ఎందుకంటే అర్థం తెలియకముందే పాట పట్టుకునే చోటు ఒకటి మనిషిలో ఉంటుంది. 2023 మార్చిలో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చినప్పుడు, తెలుగు అక్షరం ముక్క రాని దేశాల వాళ్లు ఆ పాటకు చిందులు వేస్తుంటే మనం గర్వపడ్డాం; అర్థం కాకుండా ఎలా ఆనందిస్తున్నారని మనలో ఎవరూ అడగలేదు. మన పాటకు ఇతరులు చూపిన ఆ ఔదార్యాన్ని ఇతరుల పాటకు మనం ఎంతవరకు చూపాం అన్నదే నన్ను చాలాకాలంగా బాధిస్తున్న విషయం.

అసలు అడ్డం మరొక చోట ఉంది. పరదేశపు పాట మన దాకా రావాలంటే అది ముందు అమెరికాలోనో ఇంగ్లండులోనో గెలిచి రావాలన్న నియమం ఒకటి, ఎవరూ రాయకుండానే అమలులో ఉంది. ఆ గుమ్మం దాటే క్రమంలో పాటకు ఏం జరుగుతుందో చెప్పడానికి జపాన్ ఉదాహరణ ఒక్కటి చాలు. 1961లో క్యూ సకమోతో పాడిన ‘ఉయె ఓ ముయితె అరుకో’ అన్న పాట, కన్నీళ్లు జారిపడకుండా ముఖం పైకెత్తి నడుస్తున్న ఒంటరి మనిషి పాట. అమెరికాతో జపాన్ కుదుర్చుకున్న భద్రతా ఒప్పందానికి వ్యతిరేకంగా జనం సాగించిన ఉద్యమం విఫలమైన తరువాత, ఆ నిరాశలోంచి రొకుసుకె ఎయి ఈ మాటలు రాశాడు. అదే పాట 1963 జూన్‌లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరి మూడు వారాలు నిలిచింది. కానీ అప్పటికి దాని పేరు ‘సుకియాకి’. అది మాంసంతో చేసే ఒక జపాన్ వంటకం పేరు. పాటకూ దానికీ ఏ సంబంధమూ లేదు, ఇంగ్లిషు నాలుకకు సులువుగా తిరుగుతుందని తగిలించారు. ఏ దేశపు ఒత్తిడి మీది దుఃఖంతో పాట పుట్టిందో, ఆ దేశంలోనే అది ఒక వంటకం పేరుతో విజయం సాధించింది.

లండన్‌లో 1987 వేసవిలో కొన్ని చిన్న రికార్డు సంస్థల వాళ్లు ఒక పబ్బులో సమావేశమై, ఇంగ్లిషేతర దేశాల సంగీతాన్ని దుకాణాల్లో ఏ అరలో పెట్టాలో తేల్చుకునేందుకు ‘వరల్డ్ మ్యూజిక్’ అన్న పేరును ఎంచుకున్నారు. వాళ్ల ఉద్దేశం మంచిదే, ఆ పేరు వల్ల చాలామంది కళాకారులకు మేలు జరిగిన మాటా నిజమే. అయినా సెనెగల్, పాకిస్తాన్, బల్గేరియా పాటలన్నీ ఒకే అరలో కూర్చోవడం వెనుక ఉన్న దృష్టి ఇంగ్లిషు శ్రోతది. మనం ఆ అరనే అరువు తెచ్చుకుని, అదే ప్రపంచమనుకోవడం అవసరమా? మన చెవి వేరే చోట తయారైంది.

ఆ చెవి ఎంత భిన్నమైనదో నాకు ఉమ్ కుల్సూమ్ పాట వల్ల తెలిసింది. నైలు నది డెల్టాలో ఒక పల్లెలో, మసీదులో పనిచేసే తండ్రికి పుట్టిన ఆమె, చిన్నతనంలో మగపిల్లాడి వేషంలో ఊరూరా భక్తిగీతాలు పాడింది. తరువాత కైరో చేరి, ప్రతి నెలా మొదటి గురువారం రాత్రి ఆమె చేసే కచేరీ రేడియోలో ప్రసారమవుతుంటే అరబ్బు దేశాల వీధులు నిర్మానుష్యమయ్యేవని అంటారు. 1975 ఫిబ్రవరిలో ఆమె అంతిమయాత్రకు లక్షలాది జనం కైరో వీధుల్లోకి వచ్చారు. ఇంగ్లిషు పాప్ పాటకు అలవాటు పడ్డ చెవికి ఆమెను వినడం కష్టం. పాట మూడు నిమిషాలకు ముగియదు. నలభై నిమిషాలు, ఒక్కోసారి గంట దాటి సాగుతుంది. ఒక పాదాన్నే పట్టుకుని పదిసార్లు పాడుతుంది, ప్రతిసారీ ఒక మాట మీద బరువు మార్చి, ఒక స్వరం దగ్గర మరికొంత నిలిచి, అర్థాన్ని కొత్త దిక్కుకు తిప్పుతుంది. శ్రోతలు కేకలు వేసి మళ్లీ పాడమంటారు. ఆ తన్మయ స్థితికి అరబ్బీలో ‘తరబ్’ అని పేరు.

గుంటూరు, తెనాలి ప్రాంతాల్లో పద్య నాటకం చూస్తూ పెరిగినవారికి ఇందులో వింత ఏముంది? పాండవోద్యోగ విజయాల పద్యం ఎత్తుకున్న నటుడు చివరి పాదం దగ్గర రాగం తీస్తూ ఉంటే, నేల మీద కూర్చున్న జనం ‘వన్స్‌మోర్’ అని లేచి నిలబడటం, కథ అక్కడే ఆగిపోవడం, అదే పద్యం మరో రెండుసార్లు కొత్త సంగతులతో రావడం మన పెద్దలు ఎరిగిన రాత్రులే. గుంటూరు జిల్లా వాడైన ఈలపాట రఘురామయ్య కోసం బళ్లు కట్టుకుని వెళ్లినవారు కథ తెలియక వెళ్లలేదు, ఆ రాగం కోసం వెళ్లారు. కర్ణాటక సంగీతంలో నెరవు అన్న ప్రక్రియ చేసే పనీ ఇదే. ఇంకొక దగ్గరితనం స్వరాల్లోనే ఉంది. మన రాగం లాంటిది అరబ్బులకు మకామ్. వారి ‘హిజాజ్ కార్’ మకామ్‌ను హార్మోనియం మెట్ల మీద పరిస్తే అది మన మాయామాళవగౌళ స్వరస్థానాల మీద పడుతుంది. పాశ్చాత్యులు తూర్పుదేశపు మిస్టరీగా చెప్పుకునే ఆ ధ్వని, విజయవాడలో సంగీతం మొదలుపెట్టిన ఏడేళ్ల పిల్ల సరళీ వరుసల్లో పలికే తొలి రాగం. అలాగని రెండూ ఒకటే అనడం తొందరపాటు. మకాముల్లో మన పన్నెండు మెట్ల మధ్య జారే సూక్ష్మ స్వరాలు చాలా ఉన్నాయి, గమకం నడిచే తీరు వేరు. ఆ తేడాను ఆస్వాదించాలన్నా పోలిక తెలిసిన చెవి ఉండాలి కదా.

ఇథియోపియా పాటలతో నాకు ఎదురైన అనుభవం దీన్ని మరింత గట్టిగా చెప్పింది. బ్రాడీపేటలో ఉండే ఒక వృద్ధ హార్మోనిస్టుకు, నాటకాల వాళ్లు ఆయన్ని మేష్టారనే పిలుస్తారు, ఒకసారి ‘తిజితా’ వినిపించాను. తిజితా అంటే అమ్హారిక్ భాషలో జ్ఞాపకం, గడిచిపోయినదాని మీది బెంగ. పాట పేరూ అదే, అది నడిచే స్వరాల వరుస పేరూ అదే. మేష్టారు కళ్లు మూసుకుని రెండు నిమిషాలు విని, ‘ఇది మోహనే కదండీ, కాకపోతే మనం నిలిచే చోట వీళ్లు నిలవడం లేదు’ అన్నారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. తిజితాలో ఒక రకం మన మోహన స్వరాలైన స, రి, గ, ప, దల మీదే నడుస్తుంది. దేశం పేరు, గాయకుడి పేరు, భాష పేరు ఆయనకు నేను అప్పటికి చెప్పనేలేదు.

ఆ పాటల వెనుక చరిత్ర విన్నాక మేష్టారు ఇంకా ఆసక్తి చూపారు. ఆడిస్ అబాబాలో చక్రవర్తి అంగరక్షక దళం, పోలీసు, సైన్యం నడిపిన బ్యాండుల్లో పనిచేసినవారే ఇత్తడి వాద్యాలను, అమెరికా సోల్ సంగీతపు నడకను తమ పాత స్వరాలకు జోడించారు. 1960ల చివరి నుంచి కొద్ది సంవత్సరాలు ఆ నగరపు రాత్రులు పాటలతో వెలిగాయి. 1974లో సైనికులు అధికారం పట్టి రాత్రి కర్ఫ్యూలు విధించడంతో ఆ వెలుగు ఆరిపోయింది. కొందరు వాద్యకారులు దేశం విడిచారు. 1997 నుంచి పారిస్‌లో ఒక సంస్థ ‘ఇథియోపిక్స్’ పేరుతో ఆ రికార్డులను వరుసగా తిరిగి విడుదల చేయడం వల్లే మహమూద్ అహ్మద్ గొంతు, ములాటు అస్తాత్కె వాయించే వైబ్రఫోన్ ఈనాడు ఎక్కడో కృష్ణ ఒడ్డున మనకు వినబడుతున్నాయి.

పారిస్ ద్వారానే లోకానికి తెలిసిన మరొక గొంతు సెజారియా ఎవోరాది. ఆఫ్రికా పడమటి తీరానికి దూరంగా ఉన్న కేప్ వెర్డిలో, మిండేలో రేవు పట్టణపు బార్లలో పాడుతూ, ఒక దశలో దాదాపు పదేళ్లు పాట మానేసి బతికిన ఆమెకు అంతర్జాతీయ కీర్తి యాభై ఏళ్ల వయసులో, 1992 నాటి ఆల్బమ్‌తో వచ్చింది. వేదిక మీదకు చెప్పులు లేకుండా వచ్చేది. ఆమె పాడిన ‘మోర్నా’ అనే ఆ ద్వీపాల పాట నెమ్మదిగా, ఎవరికో ఉత్తరం చదివి వినిపిస్తున్నట్టుగా సాగుతుంది. కరువులు వెంటాడిన ఆ ద్వీపాల నుంచి తరతరాలుగా జనం వలస పోయారు. పోర్చుగీసు పాలనలో సావో తొమె తోటల పనికి వెళ్లినవారి బెంగే ఆమె ‘సొదాద్’ పాటకు ప్రాణం. ఆమె పాడే క్రియోలు భాష నాకు రాదు. కానీ పిల్లలు డల్లస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడగా, సాయంత్రం వీడియో కాల్ ముగిశాక ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చుండిపోయే తల్లిదండ్రులు మన రెండు జిల్లాల్లో ఏ వీధిలో లేరు? తోట కూలీ వలసకూ సాఫ్ట్‌వేర్ వలసకూ ఉన్న తేడా చిన్నది కాదు, దాన్ని చెరిపేయడం ఆ కూలీలకు అన్యాయం. వెనక మిగిలినవారి సాయంత్రాలు మాత్రం ఒకేలా ఉంటాయి.

చిలీ గాయకుడు విక్టర్ హారా గురించి ఇక్కడ ఎక్కువ చెప్పనక్కరలేదు. పల్లె పాటను, నాటకరంగాన్ని, రాజకీయ విశ్వాసాన్ని ఒకే గొంతులో కలిపిన ఆయన్ని 1973 సెప్టెంబరు సైనిక కుట్ర జరిగిన కొద్ది రోజుల్లోనే శాంటియాగో స్టేడియంలో చంపారు. గుంటూరు దగ్గర పొన్నెకల్లు నుంచి వచ్చి బుర్రకథతో వేలమందిని కదిలించిన షేక్ నాజర్‌ను, ప్రజా నాట్యమండలిని ఎరిగిన నేలకు హారా పరిచయం అక్కరలేని బంధువు.

సినిమాతో పని లేని పాట మనకు మాత్రం ఎప్పుడూ లేదా? 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం, బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటివారి చేతుల్లో భక్తిరంజనినీ లలిత సంగీతాన్నీ ఇంటింటి పాటగా మార్చింది. ‘ఏ సినిమాలోది?’ అని అడగకుండా ఈ ఊరు పాట విన్న రోజులవి. అందుకే కొరియా పాటలు వింటూ, వాటి కోసం హంగుల్ లిపి కూడా నేర్చుకున్న మా వీధిలోని ఇంటర్ అమ్మాయిని ఇంట్లోవాళ్లు కోప్పడుతుంటే నాకు ఆమె పక్షమే సరైనదనిపించింది. 2020లో కొరియా గాయక బృందం బీటీఎస్ వారి ప్రధానంగా కొరియన్‌లో ఉన్న పాట బిల్‌బోర్డ్ మొదటి స్థానంలోకి వచ్చిన నాటికే ఆ తరం పిల్లలు ఇంగ్లిషు గుమ్మం దగ్గర ఆగడం మానేశారు. వాళ్లకు లోపించింది ఒక్కటే: కొరియాను దాటి మరో దేశం వైపు, ఈ ఏడాదిని దాటి గడిచిన దశాబ్దాల వైపు చూపించే మనిషి. ఫోనులోని యాప్ మనం విన్నదానికి దగ్గరగా ఉన్నదాన్నే మళ్లీ మళ్లీ ముందు పెడుతుంది. మోహన నుంచి తిజితాకు దారి చూపడం దానికంటే మేష్టారి లాంటివారికి బాగా తెలుసు.

కాబట్టి మొదలుపెట్టదలచినవారికి నా సూచన, పాటల జాబితాలు వెతకవద్దని. ఒక గాయనినో గాయకుడినో ఎంచుకుని నెల రోజులు వారినే వినాలి. మొదటి మూడుసార్లు అనువాదం చదవకుండా విని, ఆ తరువాత అర్థం తెలుసుకుని నాలుగోసారి వినాలి. ఉమ్ కుల్సూమ్‌తో మొదలుపెడితే, మొహమ్మద్ అబ్దెల్ వహాబ్ స్వరపరిచిన 1964 నాటి ‘ఎంతా ఒమ్రీ’ని ఎంచుకోవచ్చు. కుదించిన ముక్క కాక, శ్రోతల కేకలతో సహా పూర్తి కచేరీ రికార్డింగునే వెతుక్కోవాలి. ఆమె గొంతు విప్పేముందు వాద్యబృందం చాలాసేపు వాయిస్తుంది, అందులో ఒకచోట ఎలక్ట్రిక్ గిటారు కూడా పలుకుతుంది. ఆ భాగాన్ని ముందుకు జరపకండి.