సంతకం తెలుగులో, ఫలితం ఇంగ్లిష్‌లో

ప్రభుత్వ బోధనాసుపత్రి వార్డులో పడుకున్న రోగి దగ్గరికి ఒక పీజీ డాక్టర్ వస్తాడు. చేతిలో తెలుగులో అచ్చువేసిన కాగితం ఉంటుంది. మీ జబ్బు మీద పరిశోధన చేస్తున్నాం, మీ రక్తం, మీ వివరాలు తీసుకోవడానికి ఒప్పుకుంటారా అని అడుగుతాడు. చదువు రానివాళ్లకు చదివి వినిపించి, సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకుంటాడు. ఎథిక్స్ కమిటీలు పెట్టిన ఈ నిబంధన చాలా మంచిది. రెండు మూడేళ్లు గడిచాక ఆ పరిశోధన గట్టి అట్ట వేసుకుని, బంగారు రంగు అక్షరాలతో థీసిస్‌గా తయారవుతుంది. అది ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఒక కాపీ కాలేజీ లైబ్రరీ బీరువాలోకి చేరుతుంది. వేలిముద్ర వేసిన మనిషికి చివరికి ఏం తేలిందో చెప్పే ఏర్పాటు మాత్రం లేదు.

ఎండీ, ఎంఎస్ చదివే ప్రతి డాక్టరూ థీసిస్ రాయాల్సిందే. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏటా ఎంతమంది పీజీలు బయటికి వస్తారో, అన్ని థీసిస్‌లు తయారవుతాయన్నమాట. గర్భిణుల్లో రక్తహీనత, షుగర్ రోగుల కాళ్లకు పట్టే పుండ్లు, మధ్యలో మానేసిన టీబీ మందులు, పురుగుల మందు తాగి క్యాజువాల్టీకి వచ్చినవాళ్లు... ఇవన్నీ మన ఊళ్ల సంగతులు. మన తిండి, మన నీళ్లు, మన పొలం పనులు కలిసిన సంగతులు. ఏ విదేశీ జర్నల్‌లో వెతికినా దొరకనివి. అవి ఆ బీరువాలో ఉన్నాయి. ఎక్కువగా వాటిని తీసి చూసేది తర్వాతి బ్యాచ్ విద్యార్థులే, అదీ ఫార్మాట్ కోసం.

అదే ఆసుపత్రి గేటు దగ్గర ఏడాది పొడవునా ఫ్లెక్సీలు మారుతుంటాయి. మార్చి 24న టీబీ, ఏప్రిల్ 25న మలేరియా, ఆగస్టు మొదటి వారంలో తల్లిపాలు, సెప్టెంబరు 28న రేబిస్, నవంబరు 14న షుగర్, డిసెంబరు 1న ఎయిడ్స్. ర్యాలీ తీస్తారు, నర్సింగ్ విద్యార్థినులు ప్లకార్డులు పట్టుకుంటారు, మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. మేమూ వేస్తాం. ఆ పిల్లల శ్రమను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కానీ శ్రీకాకుళంలో ఫ్లెక్సీ మీద ఉన్న మాటే ఆదిలాబాద్‌లోనూ ఉంటుంది. ‘జాగ్రత్తగా ఉండండి, వైద్యుణ్ని సంప్రదించండి’ అని. ఆ ఆసుపత్రి డాక్టర్లు ఆ చుట్టుపక్కల రోగుల్లోనే కళ్లారా చూసి రాసుకున్న విషయం ఆ ఫ్లెక్సీ మీదికి ఎక్కదు. బీరువాకూ గేటుకూ మధ్య దూరం వంద గజాలు కూడా ఉండదు.

పాముకాటునే తీసుకుందాం. తొలకరి పడి నాట్లు మొదలయ్యాయంటే జిల్లా ఆసుపత్రుల్లో ఈ కేసులు పెరుగుతాయి. కట్లపాము కరిస్తే పెద్దగా నొప్పి ఉండదు, వాపు ఉండదు. నేల మీద పడుకున్న మనిషిని రాత్రి కరుస్తుంది, తెల్లారేసరికి కడుపునొప్పి వస్తుంది, రెప్పలు వాలిపోతాయి. ఏదో పడని తిండి తిన్నాడనుకుని ఇంట్లోవాళ్లు గంటలు పోగొట్టుకుంటారు. రక్తపింజర కాటు ఇంకో రకం. దాని విషానికి రక్తం గడ్డకట్టడం మానేస్తుంది. అందుకే డాక్టర్లు శుభ్రమైన గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తారు. విరుగుడు ఇంజెక్షన్ ఎంత త్వరగా పడితే అంత మంచిది. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో ఉంది. పుస్తకంలో లేనిది, మన థీసిస్‌లు చెప్పగలిగేది వేరే ఉంది. కరిచిన ఎన్ని గంటలకు రోగి వచ్చాడు, దారిలో ఎక్కడ ఆగాడు, మంత్రం దగ్గరా, ఆకు పసరు దగ్గరా, కాలికి తాడు బిగించుకుని వచ్చాడా, ఏ మండలం నుంచి వచ్చేవాళ్లకు ఎక్కువ ఆలస్యమవుతోంది అన్నది. ఈ నాలుగు ముక్కలూ ఆ మండలం పేరుతో, ఆ ఊరి మాటల్లో చెబితే ఆశా కార్యకర్త చేతిలో అది ఆయుధమవుతుంది. 2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఆ పని ఢిల్లీ పోస్టర్లతో అయ్యేది కాదు.

డెంగీ సీజన్‌లోనూ ఇదే. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ల సంఖ్య లక్ష దాటి కిందికి దిగిందంటే చాలు, ఇంటిల్లిపాదికీ టెన్షన్. రాత్రికి రాత్రి దాతల కోసం వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్‌లు, బొప్పాయి ఆకు రసాలు. రక్తస్రావం లేని రోగికి ప్లేట్‌లెట్లు 10,000 కంటే తగ్గితే తప్ప ఎక్కించాల్సిన పని సాధారణంగా ఉండదు. అసలు జాగ్రత్త పడాల్సింది జ్వరం తగ్గాక. కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా ఉండటం కనిపిస్తే ఆ క్షణమే ఆసుపత్రికి పరుగెత్తాలి. ‘పోయిన ఏడాది మా వార్డులో ఇంతమంది చేరారు, వాళ్లలో ఇంతమందికే ప్లేట్‌లెట్లు అవసరమయ్యాయి’ అని ఆ ఊరి పెద్దాసుపత్రే లెక్కతో చెబితే జనం నమ్ముతారు. వాట్సాప్‌లో వచ్చే పుకారుకు తెలిసిన డాక్టర్ చెప్పే సొంత లెక్కే సరైన జవాబు.

తెలుసుకున్నది జనానికి చేరకపోతే ఏమవుతుందో తెలుగు నేలకు బాగా తెలుసు. నెల్లూరు జిల్లాలో దుక్కిటెద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం మొదట గమనించింది రైతులే. మనుషుల్లోనూ అదే జబ్బు ఉందనీ, దానికి మూలం నీళ్లలోని ఫ్లోరైడ్ అనీ 1937లో వైద్యులు శాస్త్ర పత్రికలో రాశారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు నల్లగొండ పల్లెలు అలాంటి నీళ్లే తాగాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. ఆఫ్రికా దేశాల్లోనూ దాన్ని ప్రయత్నించి చూశారు. నల్లగొండ వంటిళ్లలో ఎన్నింటికి ఆ సంగతి చేరింది? మంచినీటి పథకాలు రావాల్సిందే, వాటికి డబ్బు కావాలి, ఏళ్లు పడుతుంది. ఫలానా బోరు నీళ్లు పిల్లలకు పట్టొద్దని చెప్పడానికి అంతకాలం అక్కర్లేదు కదా.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇప్పుడు జరుగుతున్నదీ అలాంటిదే. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల జనం ఎన్నో ఏళ్లుగా రక్తం, మూత్రం, బావి నీళ్లు, చేలో మట్టి పరిశోధకులకు ఇస్తూనే ఉన్నారు. కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. తేలలేదన్న మాటనైనా ఆ ఇళ్లకు తెలుగులో చెప్పడం మన బాధ్యత. ఇంతవరకు దేన్ని అనుమానించారు, దేన్ని కొట్టేశారు, ఒళ్లునొప్పులకు వేసుకునే మాత్రలు కిడ్నీలను ఎలా దెబ్బతీస్తాయి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలి అన్నవి వాళ్లకు రావాల్సిన బాకీ. పరిశోధనలో పాల్గొన్నవారికి దాని ఫలితాలు తెలుసుకునే అవకాశం ఇవ్వాలని వైద్య పరిశోధనల్లో పాటించాల్సిన నైతిక సూత్రాలపై ప్రపంచ వైద్య సంఘం చేసిన హెల్సింకి ప్రకటన కూడా చెబుతోంది.

ఈ పని ఎవరు చేయాలి? ఆసుపత్రి లైబ్రరీ చేయాలన్నది మా మాట. డాక్టర్లకు ఓపీ చూడటానికే పొద్దు చాలదు. ప్రచార విభాగానికి థీసిస్‌తో పరిచయం లేదు. రెండింటికీ మధ్య కూర్చున్న మనిషి లైబ్రేరియన్. బ్రిటన్‌లో మన తెలుగు డాక్టర్లు ఎందరో పనిచేసే ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) ఆసుపత్రుల్లో లైబ్రేరియన్లు సిబ్బంది రాసిన పరిశోధనలను సేకరించి అందరికీ పంచుతారు. జూలై మొదటి వారంలో ఆరోగ్య సమాచార వారం జరుపుతారు. కొన్నిచోట్ల డాక్టర్లతో పాటు వార్డు రౌండ్లకూ వెళ్తారు. అంత దూరం పోనక్కర్లేదు, పక్కనే చూడొచ్చు. తమిళనాడు డాక్టర్ ఎంజీఆర్ వైద్య విశ్వవిద్యాలయం పీజీ థీసిస్‌లను ఆన్‌లైన్‌లో పెట్టింది. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. అసలు పుస్తకం పాఠకుడి దగ్గరికే వెళ్లాలన్నది మనం ఎవరి దగ్గరో నేర్చుకోవాల్సిన విషయం కాదు. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో కాలువ మీద పడవలో లైబ్రరీ నడిపారు.

బయటి జర్నళ్లు లోపలికి తెప్పించుకోవడానికి ప్రభుత్వం దగ్గర డబ్బుంది. ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పేరుతో దాదాపు 13,000 జర్నళ్లను 6,300 ప్రభుత్వ సంస్థలకు అందించడానికి మూడేళ్లకు రూ.6,000 కోట్లు కేటాయించారు. దాన్ని మేము స్వాగతిస్తున్నాం. లోపల పుట్టిన జ్ఞానాన్ని బయటికి పంపడానికి మాత్రం కావాల్సింది ఒక స్కానర్, ఒక కంప్యూటర్, ఖాళీగా వదిలేయకుండా భర్తీ చేసిన ఒక లైబ్రేరియన్ పోస్టు.

అభ్యంతరాలు ఉంటాయి. అన్ని థీసిస్‌లూ నాణ్యంగా ఉండవంటారు. నిజమే, కొన్నింటిలో ముందటి బ్యాచ్ వాక్యాలు అలాగే దిగిపోయి ఉంటాయి. పది మంది చదువుతారని తెలిస్తే ఆ అలవాటు తగ్గుతుంది. రోగుల గోప్యత సంగతేమిటని అడుగుతారు. పేరు, ఊరు, ఫొటో తీసేసిన తర్వాతే బయటపెట్టాలి, ఇందులో రాజీ ఉండకూడదు. జర్నల్‌లో అచ్చు కావాల్సి ఉందంటే ఒక ఏడాది ఆగి పెట్టొచ్చు. ఒక్క మనిషి, ఒక్క వార్డు చూసి రాసినదాన్ని వైద్య సలహాగా జనం మీదికి వదలకూడదన్న భయం మాత్రం సరైనదే. అందుకే ప్రచారానికి వెళ్లే ప్రతి ముక్కనూ ఆ విభాగం ప్రొఫెసర్ చూసి సరే అన్నాకే వెళ్లాలి. ఇంకొకటి, సిబ్బంది పరిశోధన అంటే డాక్టర్లదే కాదు. పుండ్లు పడకుండా రోగిని ఎన్ని గంటలకోసారి తిప్పాలో నర్సుకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఎమ్మెస్సీ నర్సింగ్ థీసిస్‌లు అదే బీరువాలో ఇంకా కింది అరలో ఉంటాయి.

విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం తలచుకుంటే ఇది ఒక్క ఉత్తర్వుతో మొదలవుతుంది. కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. జనం మాట్లాడే భాషలోనే రాయాలని జీవితమంతా పట్టుబట్టిన మనిషి పేరు ఆ విశ్వవిద్యాలయం గోడ మీద ఉంది. థీసిస్ సమర్పించేటప్పుడు దాంతో పాటు ఒక పేజీ తెలుగు సారాంశం జతచేయాలని రెండు విశ్వవిద్యాలయాలూ వచ్చే బ్యాచ్ నుంచే నిబంధన పెట్టాలి. ఏం వెతికాం, ఎంతమందిని చూశాం, ఏం తేలింది, ఇంట్లో ఏం చేయాలి అన్నవి ఏఎన్ఎం చదివి వినిపిస్తే ఇంట్లో ముసలమ్మకు అర్థమయ్యేలా ఉండాలి. ఆ పేజీ లైబ్రరీ నుంచి ఓపీ హాల్లోకి, అక్కడి నుంచి పీహెచ్‌సీకి వెళ్లాలి. పరిశోధనకు వేలిముద్ర వేసినవాళ్ల ఫోన్ నంబర్లు ఎలాగూ ఆసుపత్రి రికార్డుల్లో ఉంటాయి. ఆ పేజీ మొదట వాళ్లకే పంపాలి.